రాజమండ్రిలో క్యాన్సర్ మందుల షాపు: తక్కువకి అమ్మితే పోటీని చంపినట్టా?

మా నాన్నగారికి ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలి ఏడాదిన్నర అయింది. అందులో పద్నాలుగు నెలల నుంచి ఆయన మందులు కొంటున్నది రాజమండ్రి దానవాయిపేటలో ఒక చిన్న షాపులో. ఈ రివ్యూ ఆ షాపు గురించే. పేరు మాత్రం రాయను. ఎవరైనా రివ్యూ రాస్తే షాపుకి నాలుగు బేరాలు పెరగాలని రాస్తారు, ఈ షాపు పేరు బయటికి వస్తే బేరం పెరగడం కన్నా సరుకు ఆగిపోయే ప్రమాదమే ఎక్కువ. ఒకసారి ఆగింది కూడా. ఆ సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ముందు షాపు ఎలా ఉంటుందో చెప్తాను. వెడల్పు పది అడుగులు ఉంటుందేమో. గాజు కౌంటరు, వెనక ఇనుప ర్యాకులు, గోడకి వరసగా మూడు ఫ్రిజ్‌లు. జ్వరం బిళ్ళ, దగ్గు సిరప్, డైపర్లు ఏవీ ఉండవు. క్యాన్సర్ మందులు, కిడ్నీ మార్పిడి అయినవాళ్ళు రోజూ వేసుకోవాల్సిన మాత్రలు, కీళ్ళవాతానికి చేసే ఖరీదైన ఇంజెక్షన్లు, కాలేయం మందులు, అంతే. ఇలాంటివాటిని ఇప్పుడు స్పెషాలిటీ ఫార్మసీ అంటున్నారు. డాక్టరు చీటీ లేకుండా ఏదీ ఇవ్వరు, చీటీ జిరాక్స్ తీసి ఫైల్లో పెట్టుకుంటారు. అప్పు లేదు, ఇన్సూరెన్స్ కార్డు తీసుకోరు. నగదు, లేదంటే ఫోన్‌పే. అలా డబ్బు అక్కడికక్కడ కట్టేస్తే చాలా మందులకి రేటు ఎంఆర్‌పీలో సగం కూడా ఉండదు.

మొదటి సీసా మేం ఇక్కడ కొనలేదు. వైద్యం మొదలైన ఆసుపత్రిలోనే, కింద వాళ్ళ మందుల కౌంటర్లోనే కొన్నాం. అబిరాటెరోన్ అని మాత్ర. 250 మిల్లీగ్రాములవి రోజుకి నాలుగు, అంటే నెలకి 120 మాత్రల సీసా, తోడు ప్రెడ్నిసలోన్. సీసా మీద ఎంఆర్‌పీ 18,900. పది శాతం తగ్గించి 17,010 తీసుకున్నారు, ఆ తగ్గించినందుకే నాకు ఎంతో సంతోషం వేసింది. మాది అంబాజీపేట దగ్గర పల్లె. ఎకరంన్నర కొబ్బరి తోట. దింపు కూలీ, ఒలుపు కూలీ, ఎరువు పోగా ఒక దింపుకి మిగిలేది రెండు సీసాలకి చాలదు. తెల్ల కార్డు లేదు కాబట్టి ఎన్టీఆర్ వైద్య సేవ మాకు వర్తించలేదు. న్యూజెర్సీలో ఉన్న తమ్ముడు డబ్బు పంపిస్తానంటాడు, నాన్నగారు వద్దంటారు, వాడికి ఇద్దరు ఆడపిల్లలు, ఇంటి లోను ఉన్నాయని.

ఈ మాత్ర పరగడుపున వేసుకోవాలి. తిన్న రెండు గంటల దాకా వేసుకోకూడదు, వేసుకున్న గంట దాకా ఏమీ తినకూడదు. నాన్నగారు తెల్లారి ఐదింటికి లేచి నాలుగు మాత్రలు అరచేతిలో లెక్కపెట్టుకుని మింగి, అరుగు మీద కూర్చుని, ఆరు ఎప్పుడవుతుందా అమ్మ కాఫీ ఎప్పుడు తెస్తుందా అని ఎదురుచూస్తుంటారు. ఒకరోజు ఒక మాత్ర చెయ్యి జారి మెట్ల పక్కన ఇసకలో పడింది. "దీని ఖరీదెంతమ్మా?" అని అడిగారు. నూట నలభై రూపాయలు నాన్నా అన్నాను. అనకుండా ఉండాల్సింది. టార్చి లైటు తెప్పించుకుని, వంగలేని మనిషి వంగి, వెతికి, పంచె అంచుతో తుడిచి వేసుకున్నారు. ఆ రోజు నుంచి నాకు ఈ రేట్ల మీద పట్టుదల పుట్టింది.

రెండో నెల రక్తపరీక్షకి వెళ్ళినప్పుడు హాల్లో పక్కన కూర్చున్న రాజోలు ఆవిడ ఈ షాపు సంగతి చెప్పారు. వాళ్ళ ఆయనకీ ఇదే జబ్బు. "ఇక్కడ కొనకండి, దానవాయిపేట వెళ్ళండి" అని చిన్న గొంతుతో, ఎవరూ వినకూడదన్నట్టు చెప్పారు. నేను అక్కడి నుంచి నేరుగా ఆటో ఎక్కాను. షాపాయన చీటీ చూసి, "ఈ బ్రాండు నా దగ్గర ఉండదమ్మా, బయట మాకెవరికీ ఇవ్వరు. మందు ఇదే, కంపెనీ వేరు. మీ డాక్టరుగారిని అడగండి, ఆయన సరే అంటేనే ఇస్తాను" అన్నారు. బేరం చేతికొచ్చినా డాక్టరు మాట లేకుండా ఇవ్వనన్న మనిషి మీద నాకు అప్పుడే నమ్మకం కలిగింది. డాక్టరుగారు ఏమీ అనలేదు, మందు పేరు రాసి సంతకం పెట్టి ఇచ్చారు. సీసా 7,200 రూపాయలు. బిల్లు ఇచ్చారు, బిల్లు మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ రాసి ఉన్నాయి, సీసా మీదవి వాటితో సరిచూపించి మరీ ఇచ్చారు. తర్వాత చేసిన రెండు పీఎస్‌ఏ పరీక్షల్లోనూ (ఈ క్యాన్సర్ ఎలా ఉందో చెప్పే రక్తపరీక్ష అది) అంకె తగ్గుతూనే వచ్చింది, కాబట్టి చవక మందు పనిచేయదేమో అన్న అమ్మ టెన్షన్ కూడా తీరింది.

సర్వీసు గురించి ఒక్క ముక్క చెప్తే చాలు. మూడు నెలలకోసారి నాన్నగారికి లూప్రోలైడ్ ఇంజెక్షన్ చేయించాలి, మాకు ఇచ్చిన రకం ఫ్రిజ్‌లో ఉంచాలి. మే నెలలో తీసుకోవడానికి వెళ్ళాను. ఆయన ఫ్రిజ్ తలుపుకి దారంతో కట్టిన పుస్తకం తీసి, ఉదయం సాయంత్రం ఎంత చల్లదనం ఉందో రాసిన వరసలు చూపించారు. థర్మోకోల్ డబ్బాలో అడుగున ఒక జెల్ ప్యాకు, దాని మీద మడిచిన అట్టముక్క, పైన ఇంజెక్షన్, మళ్ళీ అట్టముక్క, మళ్ళీ జెల్ ప్యాకు. అట్ట ఎందుకండీ అంటే, మందు ఐసుకి నేరుగా ఆనితే గడ్డకట్టి పాడవుతుంది, వేడికన్నా అదే ప్రమాదం అన్నారు. చుట్టూ టేపు వేసి, "రావులపాలెంలో బస్సు మారతారు కదా, స్టాండులో ఎండ పడేచోట పెట్టకండి, ఒళ్ళో పెట్టుకోండి" అన్నారు. జొన్నాడ వంతెన దాటుతున్నప్పుడు గోదావరి మీంచి వచ్చే గాలికి కిటికీ పక్కన ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, పసిపిల్లని తీసుకెళ్తున్నట్టు అనిపించింది.

ఇక అసలు విషయం. మా ఊళ్ళో మెడికల్ షాపు బాబాయి ఉన్నారు. నా చిన్నప్పటి నుంచి ఆ షాపే. రాత్రి పన్నెండింటికి తలుపు కొట్టినా లేచి మందిస్తారు, కొబ్బరి డబ్బు వచ్చేదాకా ఖాతా రాసుకుంటారు, కరోనా అప్పుడు మా వీధిలో సగం మందికి ఆయనే దిక్కు. రాజమండ్రి రేటు చెప్తే ఆయన ముఖం మాడిపోయింది. "ఇలా అమ్మితే మేమంతా షాపులు మూసుకోవాలమ్మా. ఇది వ్యాపారం కాదు, పక్కవాడిని చంపడం. పోటీ లేకుండా చేసి రేపు వాళ్ళే రేటు పెంచుతారు" అన్నారు. ఆయన కోపాన్ని కొట్టిపారేయలేకపోయాను. అదే సీసా తెప్పించి ఇవ్వగలరా బాబాయ్ అని అడిగితే, షాపులకి టోకున మందులు ఇచ్చే స్టాకిస్టుకి నా ముందే ఫోన్ చేశారు. ఆయనకి పడే రేటు 11 వేల పైన. అంటే మా బాబాయి ఒక్క రూపాయి లాభం లేకుండా అమ్మినా, రాజమండ్రి షాపు లాభం వేసుకుని అమ్మే రేటుకన్నా దాదాపు 4 వేలు ఎక్కువ.

ఈ లెక్క నన్ను చాలా రోజులు పట్టుకుంది. ఒకే కంపెనీ, ఒకే సీసా, ఇద్దరికీ లైసెన్సు ఉంది, మధ్యలో ఉన్నది 60 కిలోమీటర్ల దూరం, అయినా రెండు రేట్లు. తర్వాత నెల రాజమండ్రి వెళ్ళినప్పుడు నేరుగా అడిగేశాను, మీరు పక్క షాపులని చంపడానికి నష్టానికి అమ్ముతున్నారా అండీ అని. ఆయన నొచ్చుకోలేదు. "నష్టానికి అమ్మితే నెల తిరిగేలోపు నేనే మూసుకోవాలమ్మా" అన్నారు. ఆయన చెప్పింది ఇదీ: ఇలాంటి మందులకి కంపెనీలు పెట్టే ఎంఆర్‌పీ ఒకటి, వ్యాపారంలో నడిచే నెట్ రేటు ఇంకొకటి. డబ్బు ముందే కట్టి, నెలకి పదుల సీసాలు ఎత్తేవాళ్ళకి, క్యాన్సర్ మందులు మాత్రమే చూసే ఏజెన్సీ నుంచి నెట్ రేటు వస్తుంది. ఏడాదికి ఒక్క సీసా అడిగే పల్లె షాపుకి రాదు. సీసాకి తనకి మిగిలేది నాలుగైదు వందలు. ఎంఆర్‌పీకి, నెట్ రేటుకి మధ్య ఉన్న మిగతా డబ్బంతా పెద్ద కౌంటర్లు ఉంచుకుంటాయి, తను ఉంచుకోవడంలేదు, తేడా అంతే.

ఎక్కువ కొన్నవాడికి తక్కువ రేటు రావడం న్యాయమే. అంబాజీపేట మార్కెట్లో కూడా లారీ లోడు కొనేవాడి రేటు, గుడికి ఐదు కాయలు కొనేవాడి రేటు ఒకటి కాదు. కానీ అంబాజీపేటలో ఈ రోజు వెయ్యి కాయ ఎంత పలికిందో పొద్దున్నే అందరికీ తెలుస్తుంది. మందుల నెట్ రేటు ఎవరికీ తెలియదు, రోగికి అసలే తెలియదు, మా బాబాయికీ తెలియదు. ఆయన కోపం రాజమండ్రి షాపు మీద చూపిస్తున్నారు గానీ, ఆయనకి ఆ రేటు ఇవ్వనిది కంపెనీ. నా మటుకు నేను ఈ మాట ఆయన ముఖం మీదే చెప్పాను.

తర్వాత జరిగింది వినండి. ఆరో నెలో ఏడో నెలో ఫోన్ చేస్తే, సీసా లేదు అన్నారు. ఎప్పుడూ అలా అనలేదు. నేను వెళ్ళాను. ఆయన కౌంటరు వెనక నుంచి బయటికి వచ్చి, మెట్ల మీద నిలబడి చెప్పారు: ఏజెన్సీవాళ్ళు సరుకు ఆపేశారు, "మీరు రేటు పాడుచేస్తున్నారు, ఎంఆర్‌పీ మీద ఇంత శాతానికి మించి తగ్గించనంటేనే బిల్లు వేస్తాం" అన్నారట. ఎవరు ఫిర్యాదు చేశారో ఆయన చెప్పలేదు, నేనూ ఊహించి రాయను. ఆ నెల మళ్ళీ ఆసుపత్రి కౌంటర్లోనే 17 వేలు పోసి కొన్నాం. నాన్నగారికి రేటు చెప్పలేదు. మరుసటి నెలకి ఆయన ఇంకో కంపెనీ సరుకు తెచ్చారు, డాక్టరుగారి మాట తీసుకునే మార్చాం, 7,600 పడింది. పేరు రాయవద్దని ఆయన అడిగింది అప్పుడే.

ఇప్పుడు చెప్పండి, ఇందులో పోటీని చంపుతున్నది ఎవరు? నేను లాయర్ని కాదు, హైస్కూల్లో సోషల్ చెప్తాను, అయినా చట్టం తెచ్చుకుని చదివాను. 2002 కాంపిటీషన్ చట్టంలో నాలుగో సెక్షన్ ప్రకారం, మార్కెట్లో పెత్తనం ఉన్న సంస్థ, పోటీదారుల్ని తగ్గించాలని లేదా తుడిచిపెట్టాలని ఖర్చుకన్నా తక్కువకి అమ్మితే అది తప్పు. రెండూ ఉండాలి, పెత్తనం ఉండాలి, ఖర్చుకన్నా తక్కువ ఉండాలి. పది అడుగుల షాపుకి పెత్తనం ఎక్కడిది? ఖర్చు మీద నాలుగు వందలు వేసుకునే అమ్ముతున్నారు కదా. ఎంఆర్‌పీ అన్న మాటలోనే ఉంది, అది గరిష్ఠ ధర. దానికి మించి అమ్మకూడదు, తగ్గించి అమ్మొద్దని ఏ చట్టమూ అనలేదు. అదే చట్టంలో మూడో సెక్షన్ చదివితే, ఇంతకన్నా తక్కువకి అమ్మవద్దని పైవాడు కిందవాడిని కట్టేయడం, ఆ మాట వినకపోతే సరుకు ఇవ్వననడం, ఒకటి కొంటేనే ఇంకోటి ఇస్తాననడం, ఇలాంటి ఒప్పందాల వల్ల పోటీకి దెబ్బ తగిలితే అవి చెల్లవని ఉంది. మెట్ల మీద నిలబడి ఆయన చెప్పింది అచ్చం ఈ సెక్షన్లో ఉన్నదే.

మందుల వ్యాపారంలో ఇది కొత్త కాదు. దేశం మొత్తం మీద ఉన్న మందుల వ్యాపారుల సంఘానికి, ఈ చట్టాన్ని అమలుచేసే కాంపిటీషన్ కమిషన్ 2013 ఫిబ్రవరిలో దాదాపు 47 లక్షల జరిమానా వేసింది. కొత్త స్టాకిస్టుని పెట్టుకోవాలంటే సంఘం అనుమతి పత్రం ఉండాలనడం, మార్జిన్లు ఇంత అని సంఘమే బిగించడం పోటీకి విరుద్ధమని తేల్చింది. అంటే రేటు దిగకుండా అందరూ కలిసి పట్టుకోవడమే తప్పని కమిషన్ అప్పుడే చెప్పింది. మా బాబాయికి ఇది చూపిస్తే, "సంఘం లేకపోతే చిన్నవాళ్ళం బతకలేమమ్మా" అన్నారు. బతకాలి. కానీ నాన్నగారి సీసా మీద 10 వేలు ఎక్కువ తీసుకుని బతకడం కాకుండా వేరే దారి ఉండాలి కదా.

ఆసుపత్రి లోపలి కౌంటర్ల సంగతి ఇంకా పెద్దది. ఢిల్లీలో ఒక ఆసుపత్రిలో మామూలు సిరంజి లోపల ఒక రేటు, బయట బాగా తక్కువ అని 2015లో ఒకాయన కమిషన్‌కి ఫిర్యాదు చేస్తే, విచారణ ఆ ఒక్క సిరంజితో ఆగకుండా 2018లో మిగతా పెద్ద ఆసుపత్రుల దాకా పోయింది. మా విషయంలో ఇక్కడే కొనమని ఎవరూ బలవంతపెట్టలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ చీటీ మీద రాసిన బ్రాండు బయట దొరకదు, మార్చొచ్చని రోగికి ఎవరూ చెప్పరు. బలవంతం చేయాల్సిన అవసరమే ఉండదు. బ్రాండు పేరు బదులు మందు పేరే రాయాలని, డాక్టర్లకి నియమాలు పెట్టే నేషనల్ మెడికల్ కమిషన్ 2023 ఆగస్టులో నియమాలు తెచ్చి, అదే నెలలో పక్కన పెట్టేసింది. ఆసుపత్రులు సొంత ఫార్మసీలోనే కొనిపిస్తున్నాయన్న కేసులో సుప్రీంకోర్టు 2025 మార్చిలో ఆదేశాలేమీ ఇవ్వకుండా, రాష్ట్ర ప్రభుత్వాలే విధానం ఆలోచించాలని వదిలేసింది. మన రాష్ట్రం ఆలోచించాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఇదంతా తమ్ముడితో అంటే వాడు అమెరికా సంగతి చెప్పాడు. అక్కడ ఇన్సూరెన్స్ తరఫున మందుల లెక్కలు చూసే పీబీఎం అనే మధ్య సంస్థలు ఉంటాయి. సీవీఎస్ కేర్‌మార్క్, ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్, ఆప్టమ్ ఆర్‌ఎక్స్ అనే మూడింటి చేతిలోనే దేశంలోని చీటీల్లో దాదాపు 80 శాతం. ఆ మూడింటికీ సొంత స్పెషాలిటీ ఫార్మసీలు ఉన్నాయి, ఖరీదైన మందులు చాలావరకు అక్కడికే మళ్ళుతాయి. అక్కడ పోటీ చట్టాలు చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 జూలైలో ఇచ్చిన నివేదికలో రెండు క్యాన్సర్ జెనరిక్ మందుల్ని, అంటే పేటెంటు తీరాక వేరే కంపెనీలూ చేసే మందుల్ని, ప్రత్యేకంగా చూశారు. అందులో ఒకటి నాన్నగారు తెల్లారి ఐదింటికి వేసుకునే అబిరాటెరోనే. ఆ రెండు మందుల మీదే, మూడేళ్ళు నిండకుండా, కొనుగోలు ధర అంచనాకి పైన దాదాపు 160 కోట్ల డాలర్లు ఈ మూడింటి సొంత ఫార్మసీలకి వచ్చాయట. చదివి నాకు చేతులు చల్లబడ్డాయి. అదే దేశంలో మార్క్ క్యూబన్ అనే వ్యాపారవేత్త 2022 జనవరిలో మొదలుపెట్టిన కాస్ట్ ప్లస్ డ్రగ్స్ అనే ఫార్మసీ, ఇన్సూరెన్స్ లేకుండా నగదుకి, కొన్న ధర మీద 15 శాతం, పైన ఫార్మసీ పనికి 5 డాలర్లు, పంపడానికి 5 డాలర్లు వేసుకుని, ఆ లెక్క వెబ్‌సైట్లో అందరికీ కనబడేలా పెట్టి అమ్ముతోంది. అబిరాటెరోన్ కూడా అక్కడ ఉంది.

తమ్ముడు ఒక మంచి ప్రశ్న వేశాడు. నగదు రేటుకి కొంటే ఆ డబ్బు చాలావరకు ఇన్సూరెన్స్ లెక్కలోకి, అంటే వాళ్ళు ఇవ్వడం మొదలుపెట్టేముందు మనం కట్టాల్సిన మొత్తంలోకి, రాదు, పైగా ఇప్పుడు కంపెనీలే, ఉదాహరణకి లిల్లీ 2024 నుంచి, తాము ఎంచుకున్న ఫార్మసీల ద్వారా నేరుగా నగదు రేటుకి అమ్ముతున్నాయి, మరి ఊళ్ళో ఫార్మసీకి ఆ రేటు లేకపోతే అది పోటీకి దెబ్బ కాదా అక్కా అన్నాడు. దెబ్బే అంటాను. కంపెనీ తన మందుని ఒకచోట ఒక రేటుకి, ఇంకోచోట ఆకాశమంత రేటుకి పెట్టి, తక్కువ రేటు తలుపు తాళం తన దగ్గరే ఉంచుకుంటే, ఆ తగ్గింపు కూడా కట్టడి కిందే లెక్క. ఎవరైనా ఆ రేటుకి కొనగలిగి, లెక్క బయట పెట్టి తక్కువకి అమ్మితే అది పోటీ. రాజమండ్రి షాపు ఈ రెండింటి మధ్యలో ఉంది, అది ఒప్పుకోవాలి. ఆయన రోగికి న్యాయం చేస్తున్నారు, కానీ ఆయనకి దొరికే నెట్ రేటు మా బాబాయికి దొరకని కట్టడిలోంచే వస్తోంది.

మన దగ్గరా ఇలాంటి తలుపులు ఉన్నాయి. కొన్ని కొత్త మందులకి కంపెనీలు పేషెంట్ సపోర్ట్ అని పెడతాయి, కొన్ని నెలలు డబ్బుకి కొంటే తర్వాత కొన్ని నెలలు ఉచితం అని. చాలామంది ప్రాణాలు దాని మీదే నిలబడుతున్నాయి, నేను కాదనను. కానీ వాళ్ళు చెప్పిన చోటే కొనాలి, వాళ్ళ బ్రాండే వాడాలి. మధ్యలో ఇంకో కంపెనీ చవకగా తెచ్చినా మారితే ఉచితం పోతుంది. రాజోలు ఆవిడ చెల్లెలు అలాగే ఇరుక్కుని ఉంది.

రేట్లు నిజంగా దిగిన సందర్భాలు చూస్తే, తలుపు తెరిచినప్పుడే దిగాయి. 2012 మార్చిలో సొరాఫెనిబ్ అనే క్యాన్సర్ మందుకి మన హైదరాబాద్ నాట్కో కంపెనీకి కంపల్సరీ లైసెన్సు, అంటే పేటెంటు ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా మందు తయారుచేసే అనుమతి, వచ్చింది, బేయర్ కంపెనీ నెలకి దాదాపు 2.8 లక్షలకి అమ్ముతున్నది 9 వేల లోపుకి వచ్చింది. 2019 ఫిబ్రవరిలో 42 క్యాన్సర్ మందులకి ట్రేడ్ మార్జిన్, అంటే మధ్య వ్యాపారులు వేసుకునే లాభం, 30 శాతం దాటకూడదని మందుల ధరలు చూసే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏ కట్టడి పెడితే కొన్ని బ్రాండ్ల ఎంఆర్‌పీ 90 శాతం దాకా పడిపోయింది. 90 శాతం పడిపోయిందంటే అంతకుముందు ఆ డబ్బు ఎవరి దగ్గరికి పోయేదో ఆలోచించండి. అన్ని ఖరీదైన మందులకీ ఆ కట్టడి వస్తే నాలాంటివాళ్ళం బస్సెక్కి డిస్కౌంటు షాపు వెతుక్కోవాల్సిన పని ఉండదు, మా బాబాయీ ధైర్యంగా అదే రేటుకి అమ్ముకుంటారు.

షాపులో లోపాలు కూడా రాయాలి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఫోన్ ఎత్తరు. ఆదివారం మూసేస్తారు. రెండు రోజుల ముందు చెప్పకపోతే సీసా ఉంటుందన్న నమ్మకం లేదు, ఒకసారి చెప్పకుండా వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చాను. పనిచేసే కుర్రాళ్ళు ఇద్దరున్నా మందు గురించి చెప్పగలిగింది ఆయన ఒక్కరే, ఆయన లేని రోజు వెళ్తే డబ్బు తీసుకుని సీసా చేతిలో పెడతారంతే. కంపెనీ మారిన నెల మాత్ర రంగు, ఆకారం మారిపోయాయి, ముందుగా ఒక్క మాట చెప్పి ఉంటే నాన్నగారు రెండు రోజులు మాత్ర వేసుకోకుండా కూర్చునేవారు కాదు. ఇది నేను వెళ్ళి చెప్తే ఆయన తప్పు ఒప్పుకున్నారు, ఇప్పుడు మారినప్పుడల్లా కవరు మీద రాసి ఇస్తున్నారు. కూర్చోవడానికి ఒక్క స్టూలే ఉంది, కీమో చేయించుకుని వచ్చినవాళ్ళు మెట్ల మీద కూర్చోవడం చూశాను, అది మాత్రం వెంటనే మార్చాలి. ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ ఒకటి స్టూలుకీ ఫోన్‌కీ తగ్గించాను.

వెళ్ళేవాళ్ళు బ్రాండు పేరుతో కాకుండా మందు పేరు, మోతాదు రాయించుకున్న చీటీ తీసుకెళ్ళండి. బ్రాండు మార్చేముందు మీ డాక్టరుకి చెప్పండి. బిల్లు లేకుండా ఇంకా తగ్గిస్తానని ఏ షాపు అన్నా కొనకండి, ఈ మందుల్లో నకిలీలు ఉంటాయి, బిల్లు, బ్యాచ్ నంబరు లేకపోతే అడిగే దారి ఉండదు.

పోయిన నెల నుంచి ఒక ఏర్పాటు కుదిరింది. నేనే ఇద్దరినీ ఫోన్లో కలిపాను. నేను రాజమండ్రి షాపాయనకి ఫోన్‌పే చేస్తే, ఆయన బిల్లుతో సహా డబ్బా ఆర్టీసీ పార్సిల్లో పంపుతున్నారు, మా బాబాయి అమలాపురం స్టాండులో తీసుకుని తన ఫ్రిజ్‌లో పెడుతున్నారు. బాబాయికి వంద రూపాయలు ఇవ్వబోతే తీసుకోలేదు, "ఆ మనిషి నంబరు ఇవ్వమ్మా, మన ఊళ్ళో ఇంకో ఇద్దరికి కావాలి" అన్నారు. రేపు గురువారం నాన్నగారి ఇంజెక్షన్ రావాలి, పొద్దున్న బస్సుకి వేశానని ఆయన మెసేజ్ పెట్టారు.